యాప్‌షీట్‌లో చార్ట్: యాప్ లోపలా, లుకర్ స్టూడియోలోనా, క్విక్‌చార్ట్ బొమ్మగానా?

కోడ్ రాయకుండా యాప్ కట్టే గూగుల్ సాధనం యాప్‌షీట్‌తో చిన్న యాప్ కట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. చార్ట్ వ్యూ యాప్‌లోనే ఉంది, కానీ చూడ్డానికి సాదాగా ఉంటుంది. గూగుల్‌దే అయిన రిపోర్టుల సాధనం లుకర్ స్టూడియోలో అందంగా వస్తుంది. క్విక్‌చార్ట్ అయితే ఒక లింక్ రాస్తే చాలు, చార్ట్ బొమ్మగా వచ్చేస్తుంది. ఏది మేలు?

ఊళ్లో పాల కేంద్రం యాప్ ఒకటి అనుకోండి. రోజుకు రెండు పూటలు, రైతు పేరు, లీటర్లు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం). ఒక పూట ఒక రైతు పోసిన పాలకు షీట్‌లో ఒక రో (వరుస). కేంద్రం నడిపే ఆయనకు అందరి లెక్కా కావాలి, రైతుకు తన లెక్క చాలు. పక్కింటివాళ్ల పాలకు ఎంత ఫ్యాట్ వచ్చిందో తెలిస్తే ఊళ్లో గొడవే.

నా దృష్టిలో తేల్చాల్సింది ఇక్కడే: ఆ చార్ట్ ఎవరి రోలను లెక్కేస్తోంది? రంగులు, అందం తర్వాత చూసుకోవచ్చు. యాప్‌షీట్‌లో టేబుల్‌కు సెక్యూరిటీ ఫిల్టర్ పెట్టి, రోలోని ఈమెయిల్, లాగిన్ అయిన మనిషి ఈమెయిల్ ఒకటే అయితేనే రో వెళ్లాలని రాస్తే, మిగతా రోలు ఆ ఫోన్‌కు చేరనే చేరవు. (కేంద్రం ఆయన ఈమెయిల్‌కు మినహాయింపు కూడా అందులోనే రాయాలి.) చార్ట్ ఆ ఫోన్‌కు చేరిన రోల మీదే గీస్తుంది కాబట్టి, ఒకే చార్ట్ వ్యూ ప్రతి రైతుకూ అతని లెక్కే చూపిస్తుంది. పైగా డేటా అప్పటికే ఫోన్‌లో ఉంటుంది, సిగ్నల్ పోయినా చార్ట్ కనిపిస్తుంది.

స్లైస్‌తో, అంటే టేబుల్‌లో కొన్ని రోలనే ఎంచి చూపే ఏర్పాటుతో, సరిపెట్టుకుందాం అనేవాళ్లు ఉంటారు. స్లైస్ తెర మీద దాచుతుంది అంతే, డేటా మాత్రం ఫోన్‌లోకి వచ్చేస్తుంది. చార్ట్‌లో ఏ నెల కనిపించాలో తేల్చడానికి అది బాగుంటుంది, గుట్టు కాపాడడానికి పనికిరాదు.

ఇంకో మెలిక ఉంది. కాల్ సిరీస్ (col series, కాలమ్ అంకెలను వరుసగా గీసే) చార్ట్ ప్రతి రోనూ ఒక చుక్కగా వేస్తుంది. రెండు పూటల రోలు యథాతథంగా ఇస్తే గీత రంపం పళ్లలా వస్తుంది. అందుకని షీట్‌లోనే క్వెరీ ఫార్ములాతో రైతువారీ, రోజువారీ మొత్తాలు తీసి, ఆ ట్యాబ్‌ను ఇంకో టేబుల్‌గా తెచ్చుకుంటారు. మంచి పద్ధతే, కానీ సెక్యూరిటీ ఫిల్టర్ టేబుల్‌వారీగా ఉంటుంది. కొత్త టేబుల్‌లో ఈమెయిల్ కాలమ్ లేకపోయినా, ఫిల్టర్ మరిచిపోయినా అందరి మొత్తాలూ అందరికీ వెళ్తాయి. పంపే ముందు ఎడిటర్‌లో ‘ప్రివ్యూ యాప్ యాజ్’ దగ్గర ఒక రైతు ఈమెయిల్ కొట్టి చూడండి.

చార్ట్ రకం మీద పెద్ద చర్చ అక్కర్లేదు. రోజుల మీద నడిచేదానికి లైన్, రైతుల పోలికకు బార్. ముప్పై ముక్కలున్న గుండ్రటి పై (pie) చార్ట్ ఎవరికీ అర్థం కాదు. లీటర్లు, ఫ్యాట్ ఒకే గ్రాఫ్‌లో పెట్టకండి, కేంద్రం మొత్తం వందల లీటర్లలో ఉంటే ఆరేడు దగ్గరుండే ఫ్యాట్ గీత అడుగున చదునుగా పడి ఉంటుంది. ఆవు పాలు, గేదె పాలు కూడా విడగొట్టండి, రెండింటి సగటు ఫ్యాట్‌తో ఎవరికీ పని లేదు.

ఇక లుకర్ స్టూడియో, 2022 వరకు డేటా స్టూడియో. తేదీల కంట్రోల్, నిరుడు ఇదే నెలతో పోలిక, నాలుగైదు షీట్లు కలపడం, వీటిలో యాప్‌షీట్ చార్ట్ దాని దరిదాపులకు కూడా రాదు. కానీ యాప్‌లోని సెక్యూరిటీ ఫిల్టర్ దానికి తెలియదు. రిపోర్ట్ ఓనర్ క్రెడెన్షియల్స్‌తో (తయారుచేసినవాళ్ల అనుమతితో డేటా చదువుతూ) నడుస్తుంటే, రిపోర్ట్ తెరవగలిగినవాళ్లందరికీ అందరి లెక్కా కనిపిస్తుంది. చూసేవారి ఈమెయిల్‌ను బట్టి ఫిల్టర్ చేసే వీలు అక్కడా ఉంది, అయితే అదే నియమాన్ని రెండు చోట్ల చూసుకుంటూ ఉండాలి. షీట్ డేటా మామూలుగా 15 నిమిషాలకోసారి తాజా అవుతుంది, కాబట్టి పాలు పోసి వెంటనే చూసుకునే రైతుకు అది కుదరదు. నెలాఖరున కూర్చుని చూసుకునే కేంద్రం ఆయనకు మాత్రం లుకరే ఇస్తాను.

క్విక్‌చార్ట్‌లో అంకెలన్నీ లింక్‌లోనే బయటి సర్వర్‌కు వెళ్తాయి, నెట్ లేకపోతే కొత్త బొమ్మ రాదు. ఆ లింక్ కట్టడానికి ప్రతి రోలో సెలెక్ట్‌తో (టేబుల్ అంతా వెతికి రోలు ఏరే ఫార్ములా) వర్చువల్ కాలమ్, అంటే షీట్‌లో లేకుండా యాప్ లెక్కగట్టే కాలమ్, పెడితే, రోలు పెరిగేకొద్దీ సింక్ నత్తనడకే. బిల్లు పీడీఎఫ్‌లో చార్ట్ కావాలంటే మాత్రం ఇది చక్కగా ఒదుగుతుంది. లింక్‌లో పేర్లు లేకుండా లీటర్ల అంకెలు మాత్రమే పంపండి.

యాప్‌షీట్ లాంటిదే అయిన గ్లైడ్ వాడేవాళ్లకు చార్ట్ కాంపొనెంట్ ఎలాగూ ఉంది, బార్, లైన్‌తో పని అయిపోతుంది. గూగుల్ షీట్ చార్ట్‌ను వెబ్‌కు పబ్లిష్ చేసి లింక్ ఇవ్వడం కూడా కొందరు చేస్తున్నారు, ఆ లింక్ దొరికిన ఎవరైనా చూడగలరు కాబట్టి డబ్బు లెక్కలకు దాని జోలికి వెళ్లకండి.