సింక్ బటనా, చెవి లెక్కా?

తిరుపతి గంగమ్మ జాతరలో డీజే పెట్టేవారికి రెండు దారులున్నాయి: సాఫ్ట్‌వేర్‌లోని సింక్ బటన్‌ను (ఒక పాట వేగాన్ని తర్వాతి పాటతో తానే కలిపేది) నమ్మడం, లేదా హెడ్‌ఫోన్‌లో వింటూ పిచ్ ఫేడర్‌తో (పాట వేగాన్ని పెంచి తగ్గించే జారుడు మీట) వేగాన్ని చేత్తో కలపడం. కంప్యూటర్‌లో కూర్చిన సినిమా పాటల వేగం సాధారణంగా మారదు కనుక, బీట్‌గ్రిడ్ (పాటలో దరువులు ఎక్కడ పడతాయో సాఫ్ట్‌వేర్ గీసే గీతలు) సరిగా పడితే సింక్ చాలు. కానీ మనుషులు వాయించిన పలక డప్పుల రికార్డింగులో వేగం కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒకే బీపీఎం (నిమిషానికి పడే దరువుల సంఖ్య) అనుకొని గీసిన గ్రిడ్ కాసేపటికే దరువును వదిలేస్తుంది, అప్పుడు రెండు పాటలూ ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటాయి. అక్కడ నేను చెవినే ఎంచుకుంటాను. అయితే (చాలామంది మరచిపోయే సంగతి ఇది) చేత్తో కలిపేటప్పుడు బఫర్, అంటే శబ్దాన్ని బయటికి పంపేముందు కంప్యూటర్ నిలిపి ఉంచే భాగం, చిన్నదిగా ఉండాలి, లేకపోతే చేయి చేసిన మార్పు చెవికి ఆలస్యంగా అందుతుంది: 44.1 కిలోహెర్ట్‌జ్ వద్ద (అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు, శబ్దపు చిన్న తునకలు) 1024 శాంపిళ్ల బఫర్ సుమారు 23 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది, 256 అయితే 6 కూడా దాటదు. మరీ తగ్గిస్తే ల్యాప్‌టాప్ అందుకోలేక స్పీకర్లలో చిటపటలు వినిపిస్తాయి.