పొలంలో దొరికిన నల్లరాయి: బేరగాడికా, జీఎస్‌ఐకా?

ఉద్దానం జీడితోటలోనో చీపురుపల్లి మెట్టలోనో బరువైన నల్లరాయి దొరికి, దానికి అయస్కాంతం అంటుకుందంటే చాలు, ఊళ్లో 'ఉల్కరా, కోట్లు పలుకుతుంది' అని మొదలవుతుంది. అప్పుడు దాన్ని కొంటానని వచ్చే బేరగాడికి అమ్మాలా, జీఎస్‌ఐకి (కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) ఇవ్వాలా?

ముందు రాయి సంగతి చూడండి. గరివిడి వైపు మాంగనీస్ ఖనిజం, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల స్లాగ్ (లోహం కరిగించాక మిగిలే చెత్త) ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. లోపల బుడగల గుంతలుంటే దాదాపు స్లాగే. టైల్ వెనకవైపు గరుకు మీద గీస్తే ఎర్రచార పడిందా, అది హెమటైట్ అనే ఇనుప ఖనిజం. చిక్కటి నల్లచార అయితే మాగ్నెటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజమో, మాంగనీసో. ఉల్కకు మామూలుగా చార పడదు, కొత్తగా పడినదైతే పైన కాలిన పల్చటి నల్లపొర ఉంటుంది.

బేరగాడైతే డబ్బు వెంటనే ఇస్తాడు, కానీ విదేశాల్లో ధర రకాన్ని బట్టి గ్రాముల లెక్కన ఉంటుంది, చంద్రుడివీ అంగారకుడివీ ఖరీదు, ఎక్కువగా దొరికే మామూలు కాండ్రైట్లు (ఒక రకం రాతి ఉల్కలు) చవక, ల్యాబ్ రిపోర్టు లేని రాయికి అతను చెప్పిందే రేటు. పైగా మన దేశంలో ఉల్కలను భద్రపరిచే బాధ్యత జీఎస్‌ఐది, కాబట్టి అమ్మాక కూడా టెన్షనే. 'టెస్టింగ్ ఫీజు ముందు కట్టండి' అన్నాడంటే బియ్యాన్ని లాగే మహిమగల పాత్ర అంటూ మోసం చేసే రైస్ పుల్లింగ్ గ్యాంగుకి తమ్ముడే!

జీఎస్‌ఐకి ఇస్తే డబ్బు ఆశ వదులుకోవాలి, జవాబూ నిదానంగా రావచ్చు. కానీ అదేంటో తేలుతుంది. 2017లో జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడిన రాయి అరుదైన కార్బనేసియస్ (కార్బన్ ఉన్న) కాండ్రైట్ అని తేలింది, దానికి ఆ ఊరి పేరే పెట్టారు. నా ఓటు దీనికే.

ఈలోగా రాయిని పగలగొట్టొద్దు, కడగొద్దు, బలమైన అయస్కాంతం ఆనించొద్దు, దాని పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి.