నిమ్హాన్సా, కార్పొరేట్ ఆస్పత్రా, వీధి చివరి డాక్టరా: ఏది మేలు?

అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి మెదడు, మనసు జబ్బుల వైద్యానికి బయలుదేరేవారు బెంగళూరులోని బంధువులకు ఫోను చేసి, ఏ ఆస్పత్రి మంచిదని అడుగుతారు. దానికి జవాబు చెప్పే ముందు నేనైతే ఒకటి తెలుసుకుంటాను: మనిషిలో మార్పు ఎన్నాళ్లలో వచ్చింది?

నెలల తరబడి నీరసం, దిగులు, మతిమరుపు ఉంటే వీధి చివరి ఫిజీషియనే మేలు. థైరాయిడ్ మందగించినా, విటమిన్ బి12 తగ్గినా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు. శాకాహారుల ఇళ్లలో బి12 లోపం మామూలే. ఈ రక్తపరీక్షలకు బెంగళూరు హోసూరు రోడ్డులో ఉన్న నిమ్హాన్స్ (మెదడు, మానసిక వైద్యాల ప్రభుత్వ సంస్థ) దాకా వెళ్లి వరుసలో నిలబడనక్కర్లేదు. పరీక్షలన్నీ బాగుంటే అప్పుడు మానసిక వైద్యుడిని కలవాలి. రిపోర్టులో ఏమీ లేదు కాబట్టి రోగమే లేదనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, వాళ్ల మాట వినకండి.

రోజుల్లో, వారాల్లో మనిషి మారిపోతే లెక్క వేరు. చక్కగా చదువుకునే అమ్మాయి ఉన్నట్టుండి నిద్ర మానేసి, లేనివాళ్లతో మాట్లాడుతూ, మూతీ నాలుకా ఆగకుండా కదిలిస్తూ, ఒకనాడు ఫిట్స్‌తో పడిపోతే ఇంట్లో గాలి సోకిందంటారు. అది ఆటోఇమ్యూన్ ఎన్‌కెఫలైటిస్ కావచ్చు, అంటే ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మెదడు మీద పడటం. ఇందులో ఎన్‌ఎండీఏ (మెదడు కణాల మీది ఒక గ్రాహకం) మీద దాడి జరిగే రకాన్ని నరాల వైద్యుడు జోసెప్ దల్మావ్ బృందం 2007లో వివరించింది. కొందరు యువతుల్లో అండాశయంలోని కణితి దీనికి మూలం. ఎంఆర్‌ఐ మామూలుగానే ఉండవచ్చు. వెన్ను నుంచి నీరు తీసి, దాడి చేసే యాంటీబాడీలు (రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు) ఉన్నాయేమో వెతకాలి. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్‌తో ఎంత త్వరగా వైద్యం మొదలైతే అంత మంచిది.

ఇలాంటి కేసులకు నా ఓటు నిమ్హాన్స్‌కే. 1974లో మానసిక ఆస్పత్రినీ, మానసిక ఆరోగ్య సంస్థనూ కలిపి ఏర్పాటు చేసిన ఆ ఆవరణలో నరాల డాక్టరూ మానసిక వైద్యుడూ ఒకేచోట దొరుకుతారు. విల్సన్ వ్యాధికీ అంతే. ఒంట్లో రాగి పేరుకుపోయే ఈ వంశపారంపర్య జబ్బు మేనరికాల్లో వచ్చే అవకాశం ఎక్కువ. పిల్లవాడి చేతిరాత చెడిపోతుంది, చొంగ కారుతుంది, ఊరికే కోపం వస్తుంది. బడిలో మొద్దు అనే ముద్ర పడుతుంది. నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం కనిపిస్తే డాక్టరుకు దారి దొరికినట్టే. పెన్సిలమిన్, జింక్ వంటి మందులున్నాయి, కానీ జీవితాంతం వాడాలి.

కార్పొరేట్ ఆస్పత్రిలో స్కాన్ గంటల్లో అయిపోతుంది, బిల్లూ అంతే వేగంగా పెరుగుతుంది. నరాల డాక్టరు ఒక అంతస్తులో, సైకియాట్రిస్టు మరో అంతస్తులో ఉండి, ఇద్దరి కాగితాలూ మీ చేతి సంచిలోనే కలుసుకోవడం నాకు నచ్చని సంగతి. అయితే ఫిట్స్ ఆగకపోయినా, జ్వరంతో తికమకగా మాట్లాడినా బేరీజులు వద్దు. దగ్గర్లో ఏ ఎమర్జెన్సీ ఉంటే అందులోకే.

ఎక్కడికి వెళ్లినా పాత మందుల అట్టలు, ఏ లక్షణం ఏ తేదీన మొదలైందో రాసిన కాగితం వెంట ఉంచుకోండి. చేతులు, మూతి వింతగా కదిలినప్పుడు ఫోనులో వీడియో తీయండి, ఎందుకంటే డాక్టరు ముందు అవి కనిపించకపోవచ్చు. ప్రయాణానికి ముందే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.