క్షమాభిక్షా, కఫాలా సంస్కరణా?

జగిత్యాల పల్లెల్లో ‘ఖల్లివెల్లి’ అంటే అందరికీ తెలుసు: యజమానిని వదిలి, గల్ఫ్‌లో కాగితాలు లేకుండా బతికేవాడు. అతనికి ఒక దారి క్షమాభిక్ష. యూఏఈ 2024 సెప్టెంబరు 1న మొదలుపెట్టి డిసెంబరు 31 దాకా పొడిగించింది. అప్పుడు జరిమానా కట్టకుండా ఇంటికి వచ్చే, లేదా అక్కడే కొత్త పని చూసుకునే వీలుండేది. మా పక్కింటి అన్న 2018లో అలాగే వచ్చాడు. చేతిలో పాస్‌పోర్టు లేదు, ఒక్క ప్రయాణానికే చెల్లే పత్రం ఉంది. వీసా కోసం చేసిన అప్పు మాత్రం అలాగే ఉంది.

రెండోది కఫాలా సంస్కరణ, అంటే కార్మికుడి వీసాను యజమానికి కట్టేసే గల్ఫ్ పద్ధతిని మార్చడం. నాకు ఇదే మేలనిపిస్తుంది. వీసా యజమానికి ముడిపడి ఉన్నంతకాలం, జీతం ఎగ్గొట్టినా కార్మికుడు పారిపోవడం తప్ప ఏం చేయగలడు? ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. జీతం ఆగిన నెలలోనే అలా మారగలిగి ఉంటే అన్న పారిపోయేవాడే కాదు.