స్క్రమ్ లీడ్‌కి ఈ ఏడాది ఏ గోల్ మేలు: సర్టిఫికెటా, కోడింగా, వినడమా?

ఏప్రిల్ వస్తే చాలు, స్క్రమ్ పద్ధతిలో (సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతలుగా చేసే పద్ధతి) నడిచే టీములకి కొత్తగా లీడ్ అయినవాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, అప్రైజల్ ఫారంలో పర్సనల్ గోల్ ఏం రాయమంటారు?" అందరూ అటూ ఇటూ తిరిగి మూడింటి దగ్గరే ఆగుతారు. సర్టిఫికెట్ తీసుకోవడం, కోడింగ్ వదలకుండా ఉండటం, టీమ్ చెప్పేది వినడం నేర్చుకోవడం. ఈ మూడూ నేను ఒక్కో ఏడాది ఒక్కోటి పెట్టుకుని చూసినవే.

ముందు సర్టిఫికెట్. పీఎస్ఎం-1 (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్) పరీక్షలో గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి. ఒకసారి పాసైతే దానికి గడువు ఉండదు. ఇంకో సర్టిఫికెట్ సీఎస్ఎంకి (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్) శిక్షణ తప్పనిసరి, రెండేళ్లకోసారి రెన్యువల్ ఫీజు కూడా. సొంత డబ్బు పెట్టేవాళ్లకి నేను పీఎస్ఎమ్మే చెబుతాను. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే రెజ్యూమెకి పనికొస్తుంది. కానీ శ్రద్ధగా చదివితే నెలలో అయిపోయే పని అది. మిగతా పదకొండు నెలలు ఏం చేస్తారు?

కోడింగ్ గోల్ అంటే నాకు గౌరవం. లీడ్ అయ్యాక మీటింగుల్లో పడి కోడ్ తెరవడమే మానేస్తాం. ఆ తర్వాత ఒక స్టోరీ, అంటే టీమ్ చేయాల్సిన ఒక పని, ఎంత పెద్దదో పాయింట్లలో అంచనా వేసేటప్పుడు "ఈ స్టోరీకి ఎనిమిది పాయింట్లు ఎందుకు?" అని అడిగినా, వచ్చే జవాబు సరైనదో కాదో తేల్చుకోలేం. అలాగని ముఖ్యమైన స్టోరీ మన మీద వేసుకుంటే, క్లయింట్ కాల్స్ మధ్య అదే ఆగిపోతుంది, టీమంతా మన కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. రివ్యూలు, చిన్న బగ్‌లు, ఎవరితోనైనా కలిసి కూర్చుని కోడ్ రాయడం, అంతవరకు చాలు.

ఇక వినడం. నా లెక్కలో ఏ గోల్‌నైనా తేల్చే ప్రశ్న ఒకటే: చెడు వార్త నా దాకా ఎన్నో రోజున వస్తోంది?

మా స్ప్రింట్, అంటే ఒక విడత పని, రెండు వారాలు, అంటే పది పనిదినాలు. ఒకసారి మా టీమ్‌లో ఒక కుర్రాడు రోజూ స్టాండప్‌లో (టీమంతా కలిసే చిన్న మీటింగ్) "ఇన్ ప్రోగ్రెస్ అన్నా" అంటూ వచ్చాడు. టెస్ట్ ఎన్విరాన్మెంట్‌కి యాక్సెస్ రాలేదని తొమ్మిదో రోజున తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదంటే, "మీరు తొందరలో ఉన్నారు కదా అన్నా, తర్వాత చెబుదామనుకున్నా" అన్నాడు. తప్పు నాదే. వాడు నోరు తెరిచేలోపే నేను తర్వాతి పేరు పిలిచేవాణ్ని. పెద్దవాళ్ల ముందు "నాకు రాలేదు, అర్థం కాలేదు" అనడం నామోషీ అనుకుంటూ పెరిగినవాళ్లం మనం. పైగా రాత్రి ఎనిమిదిన్నర కాల్ ఎప్పుడు అయిపోతుందా అని అందరి కళ్లూ గడియారం మీదే. అలాంటప్పుడు అడ్డంకి దానంతటదే బయటికి రాదు.

నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమిటి అని స్టాండప్‌లో అడిగే మూడు ప్రశ్నల్ని స్క్రమ్ గైడ్ (స్క్రమ్ నియమాలు చెప్పే పత్రం) 2020లోనే తీసేసింది. స్టాండప్ జరిగే ఆ పదిహేను నిమిషాలు డెవలపర్లు తమ పని తాము సర్దుకోవడానికే కానీ, లీడ్‌కి హాజరు వేయించుకోవడానికి కాదు. అందుకని నేను రెండు మార్చుకున్నాను. ఒకటి, ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా మాట్లాడను. మొదటి వారం ఆ నిశ్శబ్దం నాకే టెన్షన్‌గా ఉండేది. రెండు, ప్రతి ఒక్కరితో వారానికి అరగంట విడిగా కూర్చుంటాను, టికెట్ల (నమోదు చేసిన పనుల) ఊసెత్తకుండా. మూడో స్ప్రింట్‌లో అదే కుర్రాడు రెండో రోజునే, "అన్నా, ఈ ఏపీఐ డాక్యుమెంట్ నాకు అర్థం కావట్లేదు" అన్నాడు. ఆ మాటకి నేనెంత సంతోషించానో వాడికి తెలియదు.

ప్రెజెంటేషన్ స్కిల్స్, టైమ్ మేనేజ్‌మెంట్, జిరా (టీమ్ పనులు నమోదు చేసే టూల్) రిపోర్టులు కూడా కొందరు రాస్తారు. రాసుకోవచ్చు, తప్పేం లేదు.

వినడాన్ని అంకెల్లో ఎలా చూపిస్తామని మేనేజర్లు అడుగుతారు. నా ఫారంలో "ప్రతి అడ్డంకీ స్ప్రింట్ ఐదో రోజులోపే బయటికి రావాలి" అని రాశాను, ఒప్పుకున్నారు. ఏ అడ్డంకి ఎన్నో రోజున తెలిసిందో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. పేర్లు మాత్రం రాయను. ఎవరు ఆలస్యంగా చెప్పారో లెక్క కడుతున్నామని తెలిస్తే మళ్లీ అందరూ "ఇన్ ప్రోగ్రెస్ అన్నా" దగ్గరికే వెళ్లిపోతారు.