సుషిమా గాలి, యోటేయ్ మంచు: ఏది మేలు?

"ఒక్క ఆటకే తీరిక ఉంది. సుషిమా ఆడమంటారా, యోటేయ్ ఆడమంటారా?" రెండూ పాతకాలపు జపాన్‌లో కత్తి పట్టి తిరిగే వీడియో గేములు, రెండోది విడుదలైన దగ్గర్నుంచి నన్ను అడుగుతున్నది ఇదొక్కటే. ఒకరికి సుషిమా అని చెప్పాను. వారం తిరక్కుండా ఇంకొకరికి యోటేయ్ అన్నాను. తీరా చూస్తే వాళ్లిద్దరూ స్నేహితులట, ఇద్దరూ కలిసి నన్ను పట్టుకున్నారు. ఇక తప్పదని సుషిమాను మళ్లీ మొదటి నుంచి ఆడి, అది ముగిసిన మర్నాడే యోటేయ్‌లో దిగాను. ఇప్పుడు తడబడకుండా మాట్లాడగలను.

ముందు చిన్న సందేహం తీర్చేస్తాను. మొదటిది ఆడకుండా రెండోది ఆడొచ్చు. 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' కథ 1274లో, సుషిమా దీవిలో, మంగోలులు జపాన్ మీదికి దండెత్తి వచ్చినప్పుడు జరుగుతుంది. 'ఘోస్ట్ ఆఫ్ యోటేయ్' కథ 1603లో, ఉత్తరాన ఎజోలో, అంటే ఇప్పటి హొక్కైడోలో. మధ్యలో 329 ఏళ్లు. మొదటి ఆట నాయకుడు జిన్ సకాయ్‌కీ రెండోదాని నాయిక అత్సుకీ చుట్టరికం లేదు. రెండు ఆటలనూ తయారుచేసిన సక్కర్ పంచ్ వాళ్లు పేరులో 'ఘోస్ట్' అన్న మాటను, దాని వెనక ఉన్న ఊహను మాత్రమే అట్టేపెట్టుకున్నారు.

నా మటుకు తేల్చాల్సిన విషయం ఒక్కటే. బొమ్మల నాణ్యత కాదు, కత్తి యుద్ధం కూడా కాదు. ఎక్కడికో ఒక పని మీద బయల్దేరతాం కదా, ఆ దారిలో ఆ పని మరిచిపోయేలా చేసే శక్తి ఆటకు ఉందా లేదా? ఓపెన్ వరల్డ్ (ఎటైనా స్వేచ్ఛగా తిరగగలిగే ఆట) అన్నాక అసలు సరుకు అదే. ఇంత పెద్ద మైదానం ఇచ్చి, తీరా మ్యాపు మీద చుక్క నుంచి చుక్కకు పరిగెత్తించేటట్టయితే ఆ మైదానం ఎందుకు?

ఈ విషయంలో సుషిమా 2020లో చేసింది చిన్న పనేమీ కాదు. తెర మీద బాణం గుర్తు తీసేసి, దాని పనిని గాలికి అప్పగించింది. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి లేస్తుంది, రెల్లు పువ్వులు ఒక పక్కకు వాలతాయి, అటే మీ దారి. పసుపుపచ్చ పిట్ట కనపడితే వెంబడించండి, ఏదో ఒకటి దొరుకుతుంది. నక్క ఎదురైతే అది మిమ్మల్ని ఇనారి గుడి దాకా తీసుకెళ్తుంది. మొదటి పది గంటలూ ఇదంతా మాయలాగే ఉంటుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు మ్యాపులో మొదటి ప్రాంతమైన ఇజుహారా దాటడానికే వారం పట్టింది.

రెండోసారి ఆడినప్పుడు ఆ మాయ ఎక్కడ తేలిపోతుందో స్పష్టంగా తెలిసింది. నక్కల గూళ్లు 49. వేడినీటి గుండాలు 18. ఇజుహారాలో ఏం చేశామో తొయొతమాలోనూ అదే, ఆ పైన కమియగతాలోనూ అదే, కాకపోతే అక్కడ మంచు. ఇరవయ్యో నక్క కనపడేసరికి "వస్తున్నా పద తల్లీ" అనుకుంటూ గుర్రం దిగాను. పిట్ట పిలిస్తే, చివర్లో ఏం ఉంటుందో మూడు ఊహల్లో ఒకటి నిజమయ్యేది. గాలి మారదు, దారి మారుతూనే ఉంటుంది, దొరికేది మాత్రం మారదు.

యోటేయ్‌లో అదే గాలి ఉంది, అదే పిట్ట ఉంది. వేడినీటి గుండాలూ వెదురు నరకడమూ కూడా ఉన్నాయి. పాత సామాను పారేయలేదు. మార్చిందల్లా, ఎక్కడ ఏముందో మనకు తెలిసే తీరును. ఇక్కడ కబురు మనుషుల నోటి నుంచి వస్తుంది. సత్రంలో కూర్చున్నవాడు ఏదో అంటాడు, దారిలో మీరు కాపాడిన మనిషి ఇంకేదో చెబుతాడు, ఓడిపోయి మోకాళ్ల మీద పడ్డ శత్రువు ప్రాణభయంతో మూడోది కక్కుతాడు. అది ఒక కార్డుగా మీ దగ్గర చేరుతుంది. వెళ్తారో వెళ్లరో మీ ఇష్టం. పటాలు గీసేవాడి దగ్గర ముక్క కొనుక్కుంటే అది తిన్నగా మ్యాపులో అతుక్కోదు. ఆ వాగు వంపు, ఆ కొండ అంచు పోల్చుకుని సరైన చోట మీరే పెట్టాలి. రెండు నిమిషాల పనే, కానీ ఆ రెండు నిమిషాలూ మ్యాపును కళ్లతో చదువుతాం. ఎన్నో ఆటల్లో వంద గంటలు ఆడినా ఆ పని చేయం.

దుర్భిణీ సంగతి కూడా చెప్పాలి. గుట్టెక్కి దానిలోంచి చూస్తే దూరంగా పొగో, గుడి కప్పో కనిపిస్తుంది, దాన్ని గుర్తు పెట్టుకుని దిగుతాం. షామిసెన్ ఉంది, అది మూడు తీగల వాద్యం. నేర్చుకున్న పాటను బట్టి గాలి ఒక్కో రకం చోటికి దారి చూపిస్తుంది. అన్నిటికీ మించి ఆ కొండ. నిజమైన యోటేయ్ 1,898 మీటర్ల ఎత్తు, ఫూజీ కొండ పోలికలుండటంతో దానికి 'ఎజో ఫూజీ' అన్న పేరుంది. ఆటలో అది దిక్సూచి పని చేస్తుంది. ఎక్కడ తప్పిపోయినా తల ఎత్తి, అది ఏ పక్క ఉందో చూసుకుంటే చాలు. కొన్నాళ్లకు గాలిని పిలవడమే మానేశాను.

రాత్రయితే ఉన్నచోటే గుడారం వేసుకోవచ్చు. నిప్పు రాజేసి, ఏదో వండుకుని కూర్చుంటే, తెలిసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. విల్లు బాగుచేసేవాడు వస్తాడు, ఒక్కోసారి తోడేలు వచ్చి పక్కన పడుకుంటుంది. సుషిమాలో కత్తికి పదును పెట్టించాలంటే ఊరికి పరిగెత్తాల్సి వచ్చేది. చూడటానికి ఇది సౌకర్యం గురించిన మాటే, కానీ ఫలితం పెద్దది. ఊరికి వెళ్లే అవసరం తగ్గితే అడవిలోనే ఉండిపోతాం, అడవిలో ఉంటే ఏదో ఒకటి ఎదురవుతూనే ఉంటుంది.

కథ నడక కూడా దీనికి ఒదిగింది. చిన్నప్పుడు అత్సు ఇంటివాళ్లను చంపి, ఆమెను మండుతున్న గింకో చెట్టుకు కత్తితో గుచ్చి వదిలేసినవాళ్లు ఆరుగురు. పదహారేళ్ల తర్వాత ఆ ఆరు పేర్లూ నడుముకు కట్టుకున్న గుడ్డ మీద రాసుకుని తిరిగొస్తుంది. వాళ్లలో 'పాము' అనే మారుపేరున్నవాడు మొదట్లోనే పోతాడు. ఆ తర్వాత ఇషికారి మైదానంలో ఆ ఆరుగురిలో ఒకడైన ఓని కోసం వెళ్తారా, తెషియో కొండల్లో మరొకడైన కిత్సునె కోసం వెళ్తారా అన్నది మీరే తేల్చుకోవాలి. నేను ఓని కోసమని బయల్దేరి, మూడు రోజులు తోడేళ్ల వెంటపడి, చివరికి కిత్సునె దగ్గర తేలాను. ఇది నా చేతకానితనం కూడా కావచ్చు, ఆటకు మాత్రం అది లెక్కలోకి రాలేదు.

ఇక్కడిదాకా చదివితే నేను ఎటు మొగ్గానో తెలిసే ఉంటుంది. అయినా సుషిమా దగ్గర ఉన్నది ఒకటి యోటేయ్ దగ్గర లేదు. అది షిమురా.

జిన్‌కు అసలు శత్రువు మంగోలుల నాయకుడు ఖోటున్ ఖాన్ అనిపిస్తుంది కానీ, కాదు. షిమురా, అతన్ని పెంచిన మేనమామ. శత్రువును కళ్లలోకి చూసి చంపాలి, వెనక నుంచి పొడవకూడదు అని నేర్పినవాడు. అందుకే సుషిమాలో గడ్డిలో నక్కి మొదటిసారి ఒకణ్ని వెనక నుంచి పొడిచినప్పుడు ఆట మనల్ని చిన్నప్పటి జ్ఞాపకంలోకి లాగి నిలదీస్తుంది. ఆ తర్వాత పొగబాంబు వేసినా, విషం వాడినా, నొక్కిన బటన్ వెనక మామ మొహం ఉంటుంది. ఆడే తీరూ కథ చెప్పే మాటా ఇంత దగ్గరగా నడిచిన ఆటలు తక్కువ. చివర్లో ఒక నిర్ణయం మీ చేతికే వదిలేస్తుంది. అదేమిటో చెప్పను. రెండోసారి ఆడినప్పుడు కూడా కంట్రోలర్ పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

అత్సుకు ఆ బాధ లేదు. ఆమె కూలికి కత్తి పట్టినదే తప్ప సమురాయ్ కాదు, దాక్కుని చంపడంలో ఆమెకు సిగ్గేమీ లేదు. జనం ఆమెను ఒన్ర్యో అంటారు, పగ తీరక తిరిగొచ్చిన ఆత్మ అని. ఎరికా ఇషీ గొంతులో అత్సు మనిషిగా బాగుంది, జిన్ కన్నా నవ్వుతుంది, తాగుతుంది, తప్పులు చేస్తుంది. పాడుబడిన సొంత ఇంటి దగ్గర బటన్ నొక్కగానే, లోడింగ్ ఏమీ లేకుండా, ఇల్లు కళకళలాడిన చిన్ననాటి రోజుల్లోకి వెళ్లిపోవడం యోటేయ్ మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి. కానీ పగ కథకు ఒక చిక్కుంది: మొదటి గంటలోనే అది ఎటు పోతుందో తెలుస్తుంది. పైగా నేను అంతగా మెచ్చుకున్న ఆ తిరుగుడే దాన్ని పలచన చేస్తుంది. ఇంటిల్లిపాదినీ చంపినవాళ్ల మీద పగబట్టిన మనిషి వాగు పక్కన కూర్చుని సుమి-ఎ (సిరా) బొమ్మలు వేస్తుంటే, పోనీలే, ఆరుగురూ ఎక్కడికి పోతారు అనిపిస్తుంది. కథే ముఖ్యం అనుకునేవాళ్లు కళ్లు మూసుకుని సుషిమా ఆడొచ్చు.

కత్తి యుద్ధం గురించి ఎక్కువ చెప్పను, రెండూ బాగుంటాయి. సుషిమాలో ఒకే కత్తి, నాలుగు భంగిమలు: కత్తివాడికి రాయి, డాలువాడికి నీరు, ఈటెవాడికి గాలి, భారీకాయుడికి చంద్రుడు. యోటేయ్‌లో భంగిమల బదులు ఆయుధాలే మారతాయి. భారీకాయుడికి ఒదాచి (పొడవాటి పెద్ద కత్తి), డాలువాడికి కుసరిగామా (గొలుసు కట్టిన కొడవలి), ఈటెవాడికి జంట కత్తులు. మీ చేతిలోని ఆయుధాన్ని ఎగరగొట్టేవాళ్లు కూడా ఉంటారు, అప్పుడు నేల మీద దొరికిందే దిక్కు. యోటేయ్‌లో రకం ఎక్కువ, సుషిమాలో నిగ్రహం ఎక్కువ. నాకు ఒదాచి బరువు నచ్చింది, అంతే.

చరిత్ర కోసం ఆడతామనేవాళ్లకు రెండూ సగం నిజాలే. 1274లో నిజంగా సుషిమా కొమోదా తీరాన ఎదురు నిలిచింది సో సుకెకుని, ఎనభై మంది దాకా రౌతులతో. అందరూ పోయారు. మంగోలులు ఆ దీవిలో నెలల తరబడి తిష్ఠ వేయలేదు, కొద్ది రోజుల్లోనే ఇకి దీవి మీదుగా క్యూషూలోని హకాతా వైపు సాగిపోయారు. ఖోటున్ ఖాన్ కల్పిత పాత్ర. జిన్ తీరిగ్గా కూర్చుని కట్టే హైకు అతనికి కొన్ని వందల ఏళ్ల తర్వాతి ప్రక్రియ. అయినా అసలు సుషిమావాళ్లు నొచ్చుకోలేదు. 2021లో ఆట దర్శకులిద్దరినీ తమ దీవికి పర్యాటక రాయబారులను చేశారు. అక్కడి వతత్సుమి ఆలయంలో తుఫానుకు కూలిన తొరీని (ఆలయ ద్వారాన్ని) మళ్లీ నిలబెట్టడానికి ఆట అభిమానులు చందాలు పంపారు.

యోటేయ్ ఎంచుకున్న ఏడు తెలివైనది. 1600లో సెకిగహరా యుద్ధం, 1603లో తొకుగావా ఇయెయసు షోగున్ (దేశాన్ని ఏలే సేనాపతి) కావడం, యుద్ధం అయిపోయి పని పోయిన కత్తులు ఉత్తరానికి చేరడం నమ్మదగినట్టే ఉంటుంది. కాకపోతే ఆనాటి ఎజోలో జపనీయుల ఉనికి దాదాపుగా దక్షిణపు కొసకే పరిమితం. మిగతా నేల అక్కడి ఆదివాసులైన ఐనులది. ఆ ఆరుగురి నాయకుడు సైటో లాంటివాడు మైదానాల నిండా కోటలు కట్టుకుని ఎజో దక్షిణాన్ని ఏలిన మత్సుమయె వంశంతో తలపడటం ఆటవాళ్ల ఊహ. ఐనుల ఊరు, వాళ్ల అల్లికలు, వాళ్ల మాట ఆటలో ఉన్నాయి, అది మంచిదే. ఆ నేల ఎవరిదో దృష్టిలో పెట్టుకుంటే ఆ భాగం ఇంకాస్త ఉండాల్సింది అనిపించింది.

జపాన్‌లోనే జరిగే ఇంకో ఆట 'అసాసిన్స్ క్రీడ్ షాడోస్' సంగతేమిటని కూడా అడుగుతున్నారు. 2025 మార్చిలో వచ్చింది, కథ 1579 ప్రాంతంలో మొదలవుతుంది, నవొయె, యసుకె అని ఇద్దరు. రుతువులు మారడం కన్నులపండుగ, చీకట్లో దీపాలార్పుతూ కోటలోకి దూరడం ఈ రెంటికన్నా అందులోనే బాగుంది. కానీ నా కొలతలో అది నిలవదు. దారి వదిలి అడవిలోకి తిరిగామా, ఏటవాలు కొండా దట్టమైన పొదలూ కలిసి మళ్లీ రోడ్డు మీదికే నెట్టేస్తాయి. 'రైజ్ ఆఫ్ ద రోనిన్' ఎడో కాలం చివరి రోజుల కథ, కత్తి ఆట పదునుగా ఉంటుంది, ఊళ్లు వెలవెలబోతుంటాయి. చవగ్గా దొరికితే చూడండి.

ఇక యంత్రం సంగతి. పీఎస్4 (ప్లేస్టేషన్ 4) లేదా పీసీ మాత్రమే ఉన్నవాళ్లకు ఈ చర్చ అక్కర్లేదు, యోటేయ్ 2025 అక్టోబరులో పీఎస్5కే వచ్చింది. సుషిమా తీసుకుంటే డైరెక్టర్స్ కట్ (అదనపు భాగం చేర్చిన ప్రతి) తీసుకోండి. ఇకి దీవి కథ అందులోనే ఉంది, జిన్ తండ్రి గురించి అసలు సంగతి తెలిసేది అక్కడే. జపనీసు మాటలతో ఆడాలనుకుంటే మొదటి పీఎస్4 ప్రతిలో పెదాలు ఇంగ్లీషుకే కదులుతాయి, ఆ లోపాన్ని పీఎస్5 డైరెక్టర్స్ కట్‌లో సరిచేశారు.

జపాన్ సినిమా దర్శకుడు కురొసావా పేరిట ఉన్న కురొసావా మోడ్ రెండింటిలోనూ ఉంది, నలుపు తెలుపుల్లో గీతలు పడ్డ పాత రీలులా. ఊరిస్తుంది, కానీ మొదటిసారే పెట్టకండి. ఆపొచ్చా, తప్పుకోవాలా అని చెప్పే నీలం మెరుపూ ఎరుపు మెరుపూ అందులో ఒకేలా కనిపిస్తాయి. ఆ తేడా తెలియక నేను ఒకే వంతెన మీద పదకొండుసార్లు చచ్చాను.