మణికట్టు పట్టీనా, ఛాతీ బెల్టా?

రెండేళ్ల పిల్లాడితో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చేతిలో వాడి వేళ్లు ఉంటాయి. ఆ వేళ్లు జారిపోవడానికి క్షణం చాలు. అందుకే బిడ్డ తప్పిపోకుండా తాడుతో మన చేతికి కలిపి ఉంచే పట్టీనో బెల్టో వాడతాను. "పిల్లలకు తాడు కడతారా?" అని ఎవరన్నా నేను పట్టించుకోను.

మణికట్టు పట్టీ చవక, జేబులో పడుతుంది. ఒక కొస మన చేతికి, ఇంకో కొస బిడ్డ చేతికి. కానీ బిడ్డ ఒక్కసారిగా పరుగెత్తితే లాగుడంతా ఆ చిన్న చేతి మీదే పడుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే కణజాలం ఇంకా గట్టిపడదు; గబుక్కున లాగితే ఎముక పక్కకు జారవచ్చు. (చెయ్యి పట్టుకుని పైకి లేపినా ఇదే ప్రమాదం.) పైగా వెల్క్రో పట్టీని కొందరు పిల్లలు ఇట్టే విప్పేస్తారు.

భుజాల మీదుగా ఛాతీకి బిగించే బెల్టు తొడగడానికి టైం పడుతుంది, ఎండాకాలం చెమట పోస్తుంది. అయినా లాగినప్పుడు ఆ బలం ఒక్కచోటే పడదు. పరుగులు తీసే పిల్లలకు నా ఓటు దీనికే. చెప్పిన మాట వినే మూడేళ్ల పాపకైతే పట్టీ సరిపోతుంది.

ఏది వాడినా ఎస్కలేటర్ దగ్గర బిడ్డను ఎత్తుకోండి, తాడు మెట్ల సందులో ఇరుక్కోవచ్చు. బెంచీకి కట్టేసి టికెట్ కోసం వెళ్లడం మాత్రం అస్సలు వద్దు.